కేంద్రకాన్ని చూడకుండానే ఎలా కనిపెట్టారు?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం చదువుతూ ‘పరమాణువు మధ్యలోని కేంద్రకాన్ని ఎవరూ చూడలేదు కదా, ఉందని ఎలా తెలిసింది? బంగారమే ఎందుకు? నోబెల్ దీనికే ఇచ్చారా?’ అని అడుగుతోంది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పాను. మీ అమ్మాయిలా అడిగినవాళ్లు బహు తక్కువమ్మా. బాణాల బొమ్మ బట్టీ పడతారు, మార్కులు వచ్చేస్తాయి.

ప్రయోగం ఏమిటంటే, పల్చటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాల్ని (రేడియం లాంటి పదార్థాల నుంచి దూసుకొచ్చే, ధనావేశమున్న కణాల్ని) పంపి, అవి ఎటు చెదురుతాయో చూడటం. ముందు బంగారం సంగతి. సీసం, ప్లాటినం, వెండి, రాగి, ఇనుము, అల్యూమినియం... ఇవన్నీ వాడి చూశారు. అయితే బంగారాన్ని సాగగొట్టినంత పల్చగా మిగతావాటిని కొట్టలేం. పైగా దాని పరమాణువు బరువైనది.

రూథర్‌ఫర్డ్ ప్రయోగం అంటాం గానీ, చీకట్లో కూర్చుని లెక్కపెట్టింది ఆయన సహాయకుడు హాన్స్ గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్. 1909, మాంచెస్టర్. జింక్ సల్ఫైడ్ పూసిన తెర మీద ఆల్ఫా కణం పడితే సన్నటి మెరుపు వస్తుంది. ఆ మెరుపుల్ని మైక్రోస్కోప్‌లోంచి ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. అంతకుముందు కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఊరికే కూర్చోవాలి. కాసేపు చూస్తే చాలు, కళ్లు అలసిపోయి లెక్క తప్పుతుంది. పుస్తకాల్లో మార్స్‌డెన్ పేరు సగం చోట్ల కనపడదు. నాకది కోపం తెప్పించే విషయం.

కణాలేమైనా వెనక్కి తిరిగొస్తున్నాయేమో చూడమని అతనికి చెప్పింది రూథర్‌ఫర్డే. వస్తాయని ఆయనకే నమ్మకం లేదు. వచ్చాయి! ప్లాటినం మీద పడిన సుమారు 8,000 కణాల్లో ఒకటి వెనుదిరిగింది.

అసలు చిక్కు ఇక్కడే. అప్పటిదాకా చెల్లిన, జె.జె. థామ్సన్ అనే శాస్త్రవేత్త చెప్పిన పరమాణు నమూనాలో ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటుంది, పుచ్చకాయ గుజ్జులాగా. అలాంటి పరమాణువు ఆల్ఫా కణాన్ని కాస్త పక్కకు నెట్టగలదు, అంతే. అలాంటి చిన్న చిన్న తోపులు వరసగా ఒకే వైపు కలిసి దాన్ని వెనక్కి తిప్పాలంటే 8,000లో ఒకసారి కాదు కదా, ఎన్ని కోట్ల సార్లు చూసినా జరగదు. అంటే ఒకే ఒక్క గట్టి తోపు. ఆవేశమంతా ఒకే చోట కుదురుకుని ఉంటేనే అది సాధ్యం. ఆ చోటే కేంద్రకం.

ఇది తేల్చడానికి రూథర్‌ఫర్డ్‌కి 1911 దాకా పట్టింది. ఎంత కోణంలో ఎన్ని కణాలు చెదరాలో ఒక వ్యాసంలో సూత్రం రాశాడు. ఆల్ఫా కణం ఎదురుగా వెళ్లి ఎంత దగ్గరి దాకా చేరగలదో లెక్కవేస్తే, కేంద్రం సైజు పరమాణువులో కొన్ని వేల వంతుల్లో ఒక వంతుకు మించదని తేలింది. తమాషా ఏమిటంటే, ఆ కేంద్రం ధనావేశమా రుణావేశమా అన్నది ఆ వ్యాసంలో ఆయన తేల్చలేదు. రెంటిలో ఏదైనా లెక్క మారదు మరి.

గైగర్, మార్స్‌డెన్ మళ్లీ చీకట్లో కూర్చున్నారు. లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టి, సూత్రం సరిపోయిందని 1913లో ప్రకటించారు. మీ అమ్మాయి మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: చూడలేదు, అలా ఉంటే ఏం జరగాలో ముందే చెప్పి, అదే జరుగుతోందని లెక్కపెట్టి చూపించారు.

నోబెల్ మాత్రం దీనికి కాదు. అది 1908లోనే వచ్చింది, రేడియోధార్మికత (కొన్ని పదార్థాలు వాటంతటవే ఇలాంటి కణాల్ని వెదజల్లడం) మీద చేసిన పనికి. అదీ భౌతికశాస్త్రంలో కాదు, రసాయనశాస్త్రంలో!