గాలి ఎంత? గోల ఎంత?

తుఫాను వార్తలపై పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2013లో ఫిలిప్పీన్స్‌ను తాకిన హైయాన్ తుఫాను గురించి చదువుతుంటే ఒకచోట గాలివేగం గంటకు 315 కిలోమీటర్లు అని, ఇంకోచోట 230 అని ఉంది. ఎవరో ఒకరు కొండంతలు చేసి చెప్పినట్టే కదా?

జవాబు: ఈ విషయంలో ఎవరినీ తప్పుపట్టలేం. రెండూ అధికారిక అంకెలే. 315 అన్నది అమెరికా సైన్యం నడిపే తుఫాను హెచ్చరికల కేంద్రం, 230 అన్నది జపాన్ వాతావరణ సంస్థ. అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు, జపాన్ వాళ్లు పది నిమిషాల సగటు తీస్తారు. భారత వాతావరణ శాఖది మూడు నిమిషాల లెక్క. సగటు తీసే వ్యవధి ఎంత తక్కువైతే అంకె అంత పెద్దదవుతుంది. తేడాలో మిగిలిన భాగం అంచనాలో వచ్చేది. నడిసముద్రంలో తుఫాను గుండెకాయ దగ్గర కొలిచే పరికరం సాధారణంగా ఉండదు. ఉపగ్రహ చిత్రంలో మేఘాల తీరు చూసి లెక్కగడతారు, అక్కడ ఇద్దరు నిపుణులకు రెండు అభిప్రాయాలు ఉండొచ్చు.

అసలు మోసం వేరేచోట జరుగుతుంది. బులెటిన్‌లో ‘90-100, అప్పుడప్పుడు 110’ అని ఉంటుంది. ఆ 110 కొన్ని సెకన్లపాటు విసిరే గాలి. తెరమీద మాత్రం ‘110 కిలోమీటర్ల వేగంతో’ అని మిగతాదంతా ఎగిరిపోతుంది. నాట్లు, మైళ్లు, కిలోమీటర్లు కలగాపులగం అవడం ఇంకో తలనొప్పి. ఒక నాట్ అంటే 1.85 కిలోమీటర్లు, ఒక మైలు అంటే 1.61. ఇది చిన్న తేడా అనుకోవద్దు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 120 నుంచి 170కి వెళ్తే గోడమీద పడే తోపు రెట్టింపవుతుంది.

ప్రశ్న: కాస్త పెంచి చెబితే తప్పేముంది? భయంతోనైనా జనం జాగ్రత్తపడతారు కదా!

జవాబు: భయపడినవాళ్లు సరైన దిక్కుకే పరిగెడతారన్న నమ్మకం లేదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వెళ్లి నెల తిరక్కుండానే రీటా తుఫాను వచ్చింది. కత్రినా దృశ్యాలు కళ్లముందు ఆడుతుంటే టెక్సస్ తీరం నుంచి పాతిక లక్షలకు పైగా జనం రోడ్డెక్కారు. అందులో ఉప్పెన తాకే ప్రాంతంలో లేనివాళ్లూ బోలెడుమంది. నిజంగా వెళ్లాల్సినవాళ్లు వాళ్ల వెనక ఎండలో గంటల తరబడి ఇరుక్కున్నారు. వడదెబ్బకూ, వృద్ధులను తీసుకెళ్తున్న ఒక బస్సు అంటుకోవడంవల్లా, ఇలా తరలింపులోనే సుమారు వంద మంది పోయారు.

అయినా పెంచి చెప్పడంకన్నా తప్పు చోట వేలు పెట్టి చూపించడమే పెద్ద నేరం అంటాం. కెమెరాకు గాలి కనిపిస్తుంది, ఊగే చెట్టు కనిపిస్తుంది. మెల్లగా ఎక్కే నీరు కనిపించదు. అమెరికాలో 1963 నుంచి 2012 దాకా హరికేన్లు (అక్కడ పెద్ద తుఫానులను పిలిచే పేరు) నేరుగా తీసిన ప్రాణాల్లో సుమారు 90 శాతం నీటివల్లే పోయాయి, దాదాపు సగం ఒక్క ఉప్పెనకే. కానీ శీర్షికలన్నీ ‘కేటగిరీ’ చుట్టూ తిరుగుతాయి. హరికేన్ తీవ్రతను ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే పట్టికలోని మెట్టే ఆ కేటగిరీ, అది కొలిచేది గాలిని మాత్రమే. ఉప్పెన ఎత్తుల్ని 2010లో ఆ పట్టికనుంచి పూర్తిగా తీసేశారు కూడా, ఎందుకంటే ఉప్పెన తుఫాను వైశాల్యాన్నీ, తీరం వాలునూ బట్టి ఉంటుంది.

2018లో అమెరికాను తాకిన ఫ్లోరెన్స్ హరికేన్ సముద్రంమీద నాలుగో కేటగిరీ, తీరం దాటేటప్పటికి ఒకటో కేటగిరీ. ‘బలహీనపడింది’ అన్నది నిజమే. కానీ అది కాలు కదపకుండా కూర్చుని ఉత్తర కరోలినాలో ఒకచోట 900 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. హైయాన్‌లో ఇంకో పాఠం ఉంది. ఉప్పెన వస్తుందని ముందే చెప్పారు, అయితే వాడిన సాంకేతిక పదం ఫిలిప్పీన్స్ నగరం టక్లోబాన్‌లో చాలామందికి అర్థం కాలేదు. ‘సునామీలాంటి నీరు’ అని ఉంటే కదిలేవాళ్లమని తర్వాత అన్నారు. మీ ఇల్లు ఎంత ఎత్తులో ఉంది, నీరు ఎంత ఎత్తున ఎంత లోపలికి వస్తుంది, ఎప్పటికి వస్తుంది: వార్తలో ఈ మూడూ లేకపోతే గాలి అంకె ఎంత పెద్దదైనా మీకు పనికొచ్చేది తక్కువ.

ప్రశ్న: పటంలో తుఫాను దారి చుట్టూ గరాటులాంటి ఆకారం చూపిస్తారు. దాని బయట ఉంటే క్షేమమేనా?

జవాబు: కాదు. అమెరికా హరికేన్ కేంద్రం ఇచ్చే పటంలో ఆ గరాటు చెప్పేది తుఫాను కేంద్రం ఎక్కడుండొచ్చన్నది మాత్రమే. గత ఐదేళ్ల అంచనాల్లో వచ్చిన పొరపాట్లు చూసి, మూడింట రెండు వంతులు లోపల పడేలా దాన్ని గీస్తారు. అంటే మూడోవంతు సార్లు కేంద్రమే బయటికి పోవచ్చు. వాన, గాలి ఎంత మేర వ్యాపిస్తాయో అందులో అసలు ఉండదు. మధ్యలో నల్లగీత వేసి చూపించడం మరీ ప్రమాదం. 2004లో చార్లీ హరికేన్ గీత ఫ్లోరిడాలోని టాంపా నగరం మీదుగా ఉందని అందరూ అటే చూశారు. అది ముందే కుడికి తిరిగి పుంటా గోర్డా దగ్గర తాకింది. ఆ ఊరు గరాటులోనే ఉంది, గీతమీద లేదు, అంతే.

ప్రశ్న: పది రోజుల ముందే ‘మహాతుఫాను’ అంటూ ఎర్రటి రంగుల చిత్రాలు ఫోన్లలో తిరుగుతాయి. నమ్మొచ్చా?

జవాబు: పక్కన పెట్టండి. అమెరికా మోడల్, అంటే వాతావరణాన్ని కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టే కార్యక్రమం, రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, 16 రోజుల దాకా చిత్రాలు ఇస్తుంది. అందులో భయంకరంగా ఉన్న ఒక్కదాన్ని ఏరి పంచుతారు, ఆరు గంటల తర్వాత వచ్చే చిత్రంలో ఆ తుఫానే ఉండకపోవచ్చు. అందుకే నిపుణులు మొదటి స్థితిని కొద్దికొద్దిగా మార్చి యాభైసార్లు నడిపినవి చూస్తారు. అవన్నీ ఒకేచోటికి చేరుతుంటే మాట్లాడతారు, చెల్లాచెదురుగా ఉంటే నోరు మెదపరు.

ప్రశ్న: వీడియో పాతదో కొత్తదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: వేర్వేరు చోట్ల ఆపి మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి, చిత్రంతో వెతికే సదుపాయంలో వేయండి. దొరకకపోతే కుడి ఎడమలు తిప్పి మళ్లీ వేయండి, పట్టుబడకుండా అద్దంలోలా తిప్పి పెడుతుంటారు. బోర్డుల మీది లిపి చూడండి. అర్ధరాత్రి తీరం దాటిన తుఫానుకు పట్టపగటి దృశ్యం ఎలా వచ్చిందో అడగండి. ప్రత్యక్ష ప్రసారంలో విలేకరిని కాదు, అతని వెనకవాళ్లను చూడండి. ఫ్లోరెన్స్ సమయంలో గాలికి ఊగిపోతున్న ఒక విలేకరి వెనక ఇద్దరు తాపీగా నడిచిపోయారు. అతను తడిగడ్డి మీద, వాళ్లు కాంక్రీటు మీద ఉన్నారని చానల్ వివరణ ఇచ్చింది. ఒప్పుకోవచ్చు, నవ్వుకోనూవచ్చు.

ప్రశ్న: ‘తీరం దాటింది’ అనగానే చానళ్లు వేరే వార్తకు వెళ్లిపోతాయి. ఇక బయటికి రావచ్చా?

జవాబు: తుఫాను కన్ను, అంటే దాని నట్టనడుమ ప్రశాంతంగా ఉండే భాగం, మీమీదుగా వెళ్తుంటే కాసేపు గాలి ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. అధికారిక ప్రకటన వచ్చేదాకా లోపలే ఉండండి. నది ఒడ్డున ఉన్నవాళ్లకు గడువు ఇంకా ఎక్కువ. ఫ్లోరెన్స్ తీరం దాటింది సెప్టెంబరు 14న. ఎగువన పడిన వానంతా దిగివచ్చి, కొన్ని నదుల్లో వరద తారస్థాయికి చేరేసరికి ఇంకో నాలుగైదు రోజులు పట్టింది.