దూరం పెరుగుతోంది అని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

విశ్వం వ్యాకోచించడం, అంటే పెరుగుతూ పోవడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మూడో పేరా దగ్గరే ఆగిపోయాను. "పేలుడులో చిమ్మిన తునకల్లా గెలాక్సీలు దూసుకుపోతున్నాయి" అన్నావు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం.

గెలాక్సీలు దూసుకుపోవడం లేదమ్మా. వాటి మధ్యనున్న చోటు పెరుగుతోంది. దూసుకుపోయేదానికి బయల్దేరిన చోటంటూ ఒకటుండాలి, ఎదురుగా ఖాళీ ఉండాలి. విశ్వానికి ఆ రెండూ లేవు. ఏ గెలాక్సీ నుంచి చూసినా దూరాన ఉన్నవన్నీ తననుంచే తొలగిపోతున్నట్టు కనిపిస్తాయి. సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 70 కిలోమీటర్లు. దూరం రెట్టింపైతే వేగమూ రెట్టింపు. అలా లెక్క కట్టుకుంటూ వెళ్తే ఒక హద్దు దాటాక అది కాంతి వేగాన్నే మించుతుంది. చోటులో పరుగెత్తే ఏ తునకకూ అది సాధ్యం కాదు. చోటు పెరగడానికి ఆ అడ్డు లేదు.

సైన్సు రాసేవాళ్లు విశేషణాలు ఎన్ని గుప్పించినా ఓర్చుకుంటాను, క్రియ తప్పితే ఓర్చుకోలేను. చదివేవాళ్ల మనసులో బొమ్మ గీసేది క్రియే. తెలుగులో "దూరం పెరుగుతోంది" అనవచ్చు. పరుగెత్తేవాడు లేకుండానే వాక్యం నిలబడుతుంది.

నా తొలి వ్యాసంలో ఈ మాట దొరకడానికి ఎన్ని కాగితాలు చించానో! ఒక సంపాదకుడు "ఊపు లేదు" అని దాన్ని కొట్టేసి "పరుగులు తీస్తున్నాయి" అని అచ్చువేశాడు. వారం తర్వాత ఒక బడిపిల్లాడి కార్డు వచ్చింది: "పరుగు మొదలైన చోటు ఆకాశంలో ఎటువైపు ఉందండీ?" తప్పు నా పేరు కింద ఉంది. మూడు రోజులు కూర్చుని జవాబు రాశాను. ఆ సంపాదకుడి మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఊపు కావాలనేవాళ్లు ఈమధ్య ఇంకా పెరిగారు, వాళ్ల మాట వినకు.

అసలు కదలికే లేదని కాదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరానున్న పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా, మన పాలపుంత, ఒకదానివైపు ఒకటి సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల చొప్పున వస్తున్నాయి. గురుత్వం బిగించి పట్టిన చోట వ్యాకోచం చెల్లదు. 1912లో ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ తీసిన ఆండ్రోమెడా వర్ణపటంలో, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, గీతలు నీలంవైపే జరిగి ఉన్నాయి; దగ్గరికి వస్తోందనడానికి అదే గుర్తు. "వస్తోంది" అనే క్రియ ఇలాంటి చోటికి దాచుకో. నీ వ్యాసంలో ఆండ్రోమెడా ఊసే లేదు. దూరంతో పాటు వేగం పెరుగుతుందని కొలతలతో చూపిన హబుల్ 1929 ఉంది గానీ, ఆ మాటే 1927లో సమీకరణాల నుంచి రాబట్టిన లెమేత్ర్ లేడు, చేర్చు.

చివరి పేరాలో మాత్రం "వెలుగు సాగి సాగి ఎర్రబడింది" అన్నావు. అక్కడ నా కళ్లు చెమర్చాయి. సాగడమంటే ప్రయాణం, సాగడమంటే పొడవు పెరగడం. విశ్వం ఇప్పటి కొలతలో సగం ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగు తరంగం మనల్ని చేరేసరికి రెట్టింపు పొడవవుతుంది; పొడవు పెరిగిన వెలుగు ఎరుపువైపు జరుగుతుంది. ఆ రెండూ నీ ఒక్క క్రియలోనే ఉన్నాయి. అది రాసిన చేత్తోనే మూడో పేరా మళ్లీ రాసి పంపు. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.