పిల్లల చేతికి ఫోన్ వద్దు, ఇంటి కబురు మాత్రం బడిలో అందాలి

మీరు హైదరాబాదులో తాపీపని చేస్తున్నారు, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి కవిటి దగ్గర ఊళ్ళో నాయనమ్మతో ఉంటోంది. బడికి ఫోన్ తేవద్దనడం న్యాయమేనా అని, అమ్మాయికి ఒక ఫోన్ కొనివ్వమంటారా అని రెండు విషయాలు అడిగారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలాకాలంగా లెక్కలు చెబుతున్నవాడిని కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. మొదటి గంట కొట్టినప్పటి నుంచి చివరి గంట దాకా పిల్లల చేతిలో ఫోన్ ఉండకూడదన్నదే నా అభిప్రాయం. అయితే ఫోన్ తేవద్దన్న బడి, ఆ ఫోన్ వల్ల జరిగే ఒక ముఖ్యమైన పనిని, అంటే దూరాన ఉన్న తల్లిదండ్రుల కబురు బిడ్డకూ బిడ్డ కబురు వాళ్ళకూ చేర్చే పనిని, తానే నెత్తిన వేసుకోవాలి. మన వైపు చాలా బడుల్లో మొదటిది జరుగుతోంది, రెండోది జరగడం లేదు. మీ బాధంతా ఆ రెండోదాని గురించేనని మీ ప్రశ్న చదివితే అర్థమైంది.

ముందుగా ఒక సంగతి. ఈ నియమం మీ ఊరి ప్రధానోపాధ్యాయులు సొంతంగా పెట్టింది కాదు. విద్యార్థులు పాఠశాలకు సెల్‌ఫోన్లు తీసుకురాకూడదని 2023 ఆగస్టులో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఉపాధ్యాయులు కూడా తరగతికి వెళ్ళేముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయుల దగ్గర అప్పగించాలని అందులోనే ఉంది. అదే ఏడాది జులైలో వచ్చిన యునెస్కో విద్యా నివేదిక దానికి ఆధారం. ఫ్రాన్సులో 2018లోనే పదిహేనేళ్ళ లోపు పిల్లలకు బడిలో ఫోన్ వాడకూడదని చట్టం చేశారు. మరోవైపు 2025లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, పూర్తి నిషేధం మంచిది కాదనీ, వీలున్నచోట పిల్లలు ఫోన్‌ను బడిలో అప్పగించి ఇంటికి వెళ్ళేటప్పుడు తీసుకునే ఏర్పాటు ఉండాలనీ, తరగతి గదిలో మాత్రం వాడనివ్వకూడదనీ చెప్పింది. పిల్లల భద్రత కోసం, తల్లిదండ్రులతో సంబంధం కోసం ఫోన్ అవసరపడుతుందని ఆ కోర్టు గుర్తించింది. అది ఢిల్లీ బడుల గురించి చెప్పిన మాటే అయినా, వలసలు వెళ్ళే మన జిల్లాకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుందని నేను నమ్ముతున్నాను.

చేతిలో ఫోన్ ఎందుకు వద్దంటున్నానో నా తరగతి గదిలో చూసినదే చెబుతాను. తొమ్మిదో తరగతిలో బహుపదుల కారణాంక విభజన ఉంటుంది. మధ్య పదాన్ని రెండుగా విడగొట్టి, జతలు కట్టి, ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయాలి. నాలుగైదు వరుసల లెక్క అది. మూడో వరుసలో ఉండగా ఒక సంచిలో ఫోన్ గుర్రుమంటే, ఆ సంచి గల పిల్లవాడితో పాటు అటూ ఇటూ ఉన్న రెండు మూడు బల్లల పిల్లల చూపు అటే పోతుంది. తిరిగి నల్లబల్ల వైపు చూసేసరికి ఆ మూడో వరుస ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకు గుర్తుండదు, మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. తెలివైన పిల్లలు ఎలాగో అందుకుంటారు. లెక్కలంటే ముందే భయం ఉన్న పిల్లలు అక్కడితో కలం కింద పెట్టేస్తారు. ఒకసారి చెదిరిన ధ్యాస మళ్ళీ పాఠం మీదికి రావడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో నివేదికలో ఉంది. మా పీరియడే ముప్పావుగంట. అందులో ఇరవై నిమిషాలు పోతే మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ధ్యాస కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది కెమెరా. నియమాలు ఇంత గట్టిగా లేని రోజుల్లో, నేను పనిచేసిన ఒక బడిలో ఒక అబ్బాయి మధ్యాహ్న భోజనం వేళ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న తోటి అమ్మాయిని ఫొటో తీసి, దాని కింద ఒక చెత్త మాట రాసి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నిజానికి ఆ ఫొటోలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. అయినా సాయంత్రానికల్లా అది ఊళ్ళో పెద్దవాళ్ళ ఫోన్లకు చేరింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. మేము ఇంటికి వెళ్ళి బతిమాలితే, చదువు మాట తర్వాత, ముందు పరువు మాట చెప్పండి అన్నారు ఆమె మేనమామ. ఫొటో తీసినవాడు మాత్రం వారం తిరక్కుండానే వచ్చి తన బల్లమీద కూర్చున్నాడు. మన పల్లెల్లో ఫోన్ వల్ల ఏ చిక్కు వచ్చినా దాని మూల్యం చెల్లించేది ఆడపిల్లే. చదువు మానిపిస్తారు, లేదా సంబంధాలు చూడటం మొదలుపెడతారు. మీకు కూతురు ఉంది కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. బడిలో ఫోన్లు వద్దన్న నియమం ఆమె చేతిలో ఫోన్ లేకుండా చేస్తుంది, నిజమే. కానీ ఆమె చుట్టూ ఉన్న మరో ముప్పైమంది చేతుల్లో కెమెరా లేకుండా కూడా చేస్తుంది.

ఫోన్ ఉంటే పాఠాలు బాగా నేర్చుకుంటారు కదా అని కొందరు అంటారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, ప్రభుత్వ దీక్ష యాప్‌లో పాఠాలున్నాయి. ఇంటి దగ్గర పెద్దల ఫోన్‌లో చూస్తే మంచిదే. బడిలో అయితే చాలా ఉన్నత పాఠశాలలకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి, చూపించాల్సినది వాటిమీద అందరికీ ఒకేసారి చూపించవచ్చు. ఎవరి ఫోన్ వాళ్ళు తెచ్చుకుని చదవమంటే ఫోన్ లేనివాళ్ళ సంగతేమిటి? 2023లో 14 నుంచి 18 ఏళ్ళ గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ అనే విద్యా సర్వేకు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్న జిల్లా మన శ్రీకాకుళమే. ఆ సర్వేలో దేశం మొత్తం మీద తేలినది ఏమిటంటే, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 43.7 శాతమైతే ఆడపిల్లలు 19.8 శాతమే. కరోనా కాలంలో ఇంటికి ఒక్క ఫోన్ ఉన్నచోట అది అన్నయ్య చేతిలో ఉండేది, చెల్లెలు వంటింట్లో ఉండేది. ఆ తేడాను మళ్ళీ తరగతి గదిలోకి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక మీ అసలు బాధ దగ్గరికి వస్తాను. మా తరగతుల్లో తల్లి, తండ్రి ఇద్దరూ ఊళ్ళోనే ఉన్న పిల్లలు ఎంతమంది అని అడిగితే లేచే చేతులు తక్కువ. కొందరి నాన్నలు మీలాగే హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో భవనాల పనిలో ఉంటారు. సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి, అక్కడి బోట్ల మీద నెలల తరబడి వేటచేసే నాన్నలు కొందరు. పడవ వేటకు వెళ్ళిందంటే తిరిగి హార్బరు చేరేదాకా ఫోన్ అందదు. ఒడ్డుకు వచ్చాక ఐస్, డీజిల్ ఎక్కించుకుని మళ్ళీ బయల్దేరే లోపు దొరికే సమయమే మాట్లాడుకునే సమయం, అది పగటిపూట కావచ్చు, బడి వేళ కావచ్చు. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వెరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్ళు వాఘా సరిహద్దు దాటి వచ్చింది 2020 జనవరిలో. ఆ తర్వాత మా వైపు ఇళ్ళలో, ఫోన్ రావలసిన రోజుకు రాకపోతే ఆ రాత్రి అన్నం ముద్ద దిగదు. ఒక పిల్ల నాయనమ్మ బడికి వచ్చి నాతో అన్న మాట ఇది: "ఆడు ఒడ్డుకి ఎప్పుడొస్తాడో మనకి ఎలగ తెలుస్తాది మేస్టారూ, ఫోనొచ్చినప్పుడు పిల్ల ఉండాల గదా." ఆమెకు ఉత్తర్వు నంబరు చదివి వినిపించడం తేలికే, కానీ అది జవాబు కాదు.

అందుకే మా పాఠశాల యాజమాన్య కమిటీలో ఈ విషయం పెట్టాము. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఆ రోజు ఎక్కువగా మాట్లాడింది నాయనమ్మలు, అమ్మమ్మలే. వాళ్ళు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. కార్యాలయంలో ఒక మామూలు బటన్ ఫోన్ ఉంచాము. దాని నంబరు ప్రతి పిల్ల నోటుపుస్తకం మొదటి అట్ట లోపల రాయించాము, ఊరికి వచ్చి వెళ్ళే తండ్రులకు కాగితం మీద రాసి ఇచ్చాము. బల్ల సొరుగులో నీలం అట్ట రిజిస్టరు ఒకటి ఉంటుంది. తేదీ, వేళ, ఎవరు చేశారు, ఎవరికి, పిల్లను పిలిచామా లేదా అన్న గడులు అందులో ఉంటాయి. మామూలు ఫోన్లయితే భోజన విరామంలోనో, చివరి గంట తర్వాతో మళ్ళీ చేయమంటాము. వేటనుంచి ఒడ్డుకు వచ్చినవాళ్ళు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు చేస్తే ఏ పీరియడైనా సరే, అటెండరు వెళ్ళి పిల్లను తీసుకొస్తాడు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె అలా వచ్చి, ఫోన్ రెండు చేతులతో చెవికి అదుముకుని, తిన్నావా, ఎప్పుడొస్తావు, నాకు లెక్కల్లో ఇరవై రెండొచ్చాయి అని మూడే మాటలు చెప్పి పెట్టేసి తరగతికి పరుగెత్తింది. దానికి నా పాఠం పాడైందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

దూరపు ఊళ్ళ నుంచి ఆటోల్లో, సైకిళ్ళ మీద వచ్చే కొందరు పిల్లల దగ్గర, దారిలో అవసరం కోసం ఇంటివాళ్ళు ఫోన్ ఇచ్చి పంపుతారు. మీ అమ్మాయి విషయంలోనూ ఇలాంటి అవసరం ఉండొచ్చు. ఇలాంటి పిల్లల ఫోన్లను ప్రార్థనకు ముందే కార్యాలయంలో తీసుకుని బీరువాలో పెట్టి, సాయంత్రం సంతకం పెట్టించుకుని తిరిగి ఇచ్చే పద్ధతికి తల్లిదండ్రుల నుంచి ముందుగా రాతపూర్వకంగా అభ్యర్థన తీసుకుని, కమిటీ తీర్మానం చేసి, పైఅధికారికి తెలియజేయడం మంచిది. ఉత్తర్వు ఉందని బెదిరి, ఎవరి సంచిలో ఏముందో చూడనట్టు ఊరుకునే బడికన్నా ఇది పిల్లలకు క్షేమం. దొరికిన ఫోన్‌ను అందరి ముందూ నేలకేసి కొట్టడం, అందులోని మెసేజిలు తెరిచి చదవడం లాంటివి ఏ ఉపాధ్యాయుడూ చేయకూడదు. ఇలాంటివి జరిగినట్టు అప్పుడప్పుడు వింటుంటాను, విన్న ప్రతిసారీ చాలా కష్టంగా ఉంటుంది.

మా ఉపాధ్యాయుల సంగతి కూడా చెప్పాలి. ముఖ గుర్తింపు హాజరు నుంచి మధ్యాహ్న భోజనం వివరాల దాకా ఎన్నో పనులు మాకు ఫోన్‌లోనే చేయాల్సి వస్తుంది. ఈ పనులను పీరియడ్ల మధ్యకు రానివ్వకుండా చూడటం ప్రధానోపాధ్యాయుల బాధ్యత, పైఅధికారులదీ. మేము పాఠం మధ్యలో తెర తడుముతూ ఉంటే పిల్లలకు ఏ నియమం చెప్పినా వాళ్ళ చెవికెక్కదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. స్మార్ట్‌ఫోన్ ఇప్పుడు వద్దు. మాట్లాడుకోవడానికి ఒక బటన్ ఫోన్ కొని, సిమ్ మీ పేరు మీదే తీసుకుని, మీ అమ్మ దగ్గర ఇంట్లో ఉంచండి. పనిలోంచి దిగాక ఏ వేళకు చేస్తారో మీ అమ్మాయికి చెప్పి, వీలైనంతవరకు ఆ వేళ తప్పకండి. ఎవరైనా ఫొటో పేరుతోనో మెసేజి పేరుతోనో వేధిస్తే మొదట మీకే చెప్పాలని, చెబితే చదువు మానిపించనని మీ నోటితోనే ఆమెకు మాట ఇవ్వండి. ఆడపిల్లలు మా దగ్గర దాచేది ఆ ఒక్క భయంతోనే. పిల్లల సహాయానికి 1098, ఇంటర్నెట్ మోసాలకు 1930 నంబర్లున్నాయని మీ అమ్మకు కూడా చెప్పి ఉంచండి.

సంక్రాంతికి ఊరొస్తారు కదా, అప్పటికి బడికి సెలవులిచ్చేస్తారు. వీలైతే ఒకటి రెండు రోజులు ముందే బయల్దేరి, మీ అమ్మను వెంటబెట్టుకుని బడికి వెళ్ళండి. అత్యవసరమైతే ఏ నంబరుకు చేయాలి, చేస్తే మా అమ్మాయిని పిలుస్తారా, సాయంత్రం ఆటో రాకపోతే ఎవరికి చెప్పాలి అని ప్రధానోపాధ్యాయులను అడగండి. కార్యాలయంలో ఫోన్ లేదంటే, యాజమాన్య కమిటీ సభ్యుల పేర్లు అడిగి తెలుసుకుని, ఊళ్ళో మీలాగే బయట పనిచేసే మరో నలుగురు తండ్రులతో కలిసి ఒక అర్జీ రాసి ఇవ్వండి. సమావేశానికి మీరు ఉండలేకపోయినా మీ అమ్మ వెళ్ళవచ్చు.