మీ నాన్న కేసు కోర్టుకెక్కే ముందు

అమ్మాయ్,

అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్ల ఆఖరి అప్పీలు మెట్టు, ఆ అప్పీల్స్ కౌన్సిల్ కూడా కాదందని, మీ నాన్న డిసెబిలిటీ (పనిచేయలేనివాళ్లకిచ్చే భత్యం) కేసు ఫెడరల్ కోర్టులో వేస్తానని పట్టుబట్టావని మీ అమ్మ చెప్పింది. ఆ మొండితనం మన ఇంటిదే, సంతోషం. భయం కూడా వేసింది, అందుకే ఈ ఉత్తరం.

ముందు కౌన్సిల్ ఉత్తరం మీది తేదీ చూడు. అందిన రోజు నుంచి 60 రోజులు గడువు. ఉత్తరం తేదీ తర్వాత 5 రోజులకు అందినట్టు లెక్క. 65వ రోజు దాకా లాగకు, నీకు ఆఖరి నిమిషం అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. చాలదనిపిస్తే పొడిగింపు అడగాల్సింది ఆ కౌన్సిల్‌నే, అదీ గడువు లోపే అడిగితే మంచిది.

కోపం తెచ్చుకోకు గానీ, కేసు వేసేది నువ్వు కాదు. లాయరు కానివాళ్లు ఇంకొకరి తరఫున సంతకం పెట్టకూడదు, కన్నకూతురైనా సరే. కాగితాలు నువ్వు సిద్ధం చెయ్యి, సంతకం మాత్రం ఆయనది. ఫీజు 405 డాలర్లు. కట్టలేకపోతే మాఫీకి దరఖాస్తు ఉంది. కంప్లయింట్, అంటే కేసు మొదలుపెట్టే కాగితం, చిన్నదైనా చాలు. 2022 డిసెంబరు నుంచి సమన్లు మనం అందజేయక్కర్లేదు, కోర్టే తెలియజేస్తుంది. తర్వాత 60 రోజుల్లో ప్రభుత్వం రికార్డు, అంటే కేసు ఫైలు మొత్తం, దాఖలు చేయాలి. అక్కడి నుంచి మన బ్రీఫ్‌కి, అంటే రాతపూర్వక వాదనకి, 30 రోజులు.

ఇక అసలు సంగతి. మంచి కేసులు మునిగేది ఇక్కడే. నాన్నకి నొప్పి పెరిగింది కదా అని కొత్త ఎంఆర్‌ఐ, డాక్టరు ఉత్తరం, మీ అమ్మ కన్నీళ్లతో రాసిన కాగితం అన్నీ బ్రీఫ్‌కి జతచేస్తారు. ఈ ఫెడరల్ జడ్జి నాన్నకి జబ్బుందా లేదా అని తేల్చడు. సోషల్ సెక్యూరిటీలో హియరింగ్ జరిపిన కింది జడ్జి చట్టం సరిగ్గా పాటించాడా, ఆయన తీర్పుకి రికార్డులో తగినంత ఆధారం ఉందా, అంతే చూస్తాడు. ఆ ఆధారం గోరంత కంటే కాస్త ఎక్కువుంటే చాలు. కొత్త కాగితం చూడాలంటే అది కేసుకి కీలకమై ఉండాలి, ముందే ఎందుకు పెట్టలేదో గట్టి కారణమూ ఉండాలి.

అందుకే వెతకాల్సింది రికార్డులోనే. హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉద్యోగాల నిపుణుణ్ని అడిగిన ప్రశ్నలు చూడు. ‘రోజులో అదనంగా గంటసేపు పడుకోవాల్సినవాడికి పని దొరుకుతుందా?’ అంటే ‘దొరకదు’ అని ఉందనుకో. పడుకోవాలని డాక్టరు నోట్‌లో ఉందనుకో. తీర్పులో ఆ పరిమితి లేదు, ఎందుకు వదిలేశాడో ఒక్క ముక్క కూడా లేదు. దొరికిందన్నమాట! డాక్టరు మాట ఫలానా పేజీ, నిపుణుడి జవాబు ఫలానా పేజీ, తీర్పు ఫలానా పేజీ, మూడూ పక్కపక్కన రాయి. పేజీ నంబరు లేని వాక్యం కొట్టెయ్యి, అది ఎంత బాగా రాసినా సరే. ‘ఇంట్లో గిన్నెలు కడుగుతాడు’ అని జడ్జి రాస్తే, రోజూ ఏం చేస్తాడో నాన్న నింపిన ఫారం తీసి, పక్కన ‘పది నిమిషాలు, తర్వాత నడుం వాలుస్తాను’ అని నాన్న రాశాడేమో చూడు. సగం వాక్యం ఎత్తి రాసే తీర్పులు చాలానే ఉంటాయి.

గెలిచినా చెక్కు వెంటనే రాదని ఆయనకి ఇప్పుడే చెప్పు. ఎక్కువగా మళ్లీ హియరింగ్‌కి పంపుతారు. లాయరు దొరికితే వదులుకోకు. గెలిచి డబ్బు మంజూరైతే, కోర్టు పని కోసం నాన్నకి రావాల్సిన బకాయిల్లోంచి లాయరుకి ఇచ్చే ఫీజు 25 శాతం మించనివ్వరు.

రికార్డు వచ్చిన రోజే ట్రాన్‌స్క్రిప్ట్ నాకు పంపు. ఉత్తరం మీది తేదీ మాత్రం ఈ రాత్రికే ఫోన్‌లో చెప్పు.

— మామయ్య