నీళ్లతో గండి కొట్టిన సైన్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 1973లో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధంలో ఈజిప్టు సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇసుక కట్టను నీళ్ల పంపులతో కోసిందని క్లాసులో సారు చెప్పారు. అంత పెద్ద కట్ట నీళ్లకు ఎలా తెగింది?
– డిగ్రీ విద్యార్థి, హాలియా

జవాబు: మీ సారు చెప్పింది నిజమే. 1967లో ఈజిప్టు నుంచి సీనాయ్ ద్వీపకల్పాన్ని గెలుచుకున్నాక ఇజ్రాయెల్ కాలువ తూర్పు గట్టున ఇసుక కట్ట పోసింది. కొన్నిచోట్ల దాని ఎత్తు 20 మీటర్ల దాకా ఉంది. ఆ వరుసలోనే బార్-లెవ్ లైన్ అనే ఇజ్రాయెల్ రక్షణ బురుజులు. సిపాయి పడవలో దాటి నిచ్చెన వేసుకుని ఎక్కగలడు గానీ ట్యాంకు ఎక్కలేదు. అందుకే గండి తప్పలేదు.

పేలుడుమందు, బుల్డోజర్లతో ఒక్కో గండికి ఐదారు గంటలు పట్టేలా ఉంది. పేల్చిన ఇసుకలో కొంత మళ్లీ ఆ గుంటలోకే జారుతుంది. అస్వాన్ డ్యామ్ పనిలో ఇసుకను నీటి ధారతో తరలించడం చూసిన బాకీ జాకీ యూసఫ్ అనే ఇంజినీరు అధికారి, ఇక్కడా అదే చేద్దామన్నాడు. కాలువ నీళ్లనే తోడి, కట్ట మీద గట్టి ధార కొడితే పైనున్న ఇసుక కూలి, నీళ్లతో కలిసి కాలువలోకి జారిపోతుంది. ఎత్తిపోసే పనే లేదు. లెక్క ఇదీ: గండి వెడల్పు 7 మీటర్లు, తీయాల్సిన ఇసుక 1500 ఘనపు మీటర్లు, బ్రిటిష్, జర్మన్ పంపులు కలిపి ఐదు, సమయం రెండు గంటలు.

అక్టోబరు 6న మధ్యాహ్నం 2 గంటలకు మొదలుపెట్టారు. అప్పటికి పొద్దు ఈజిప్టు వాళ్ల వీపు వైపు, ఇజ్రాయెల్ కాపలావాళ్ల కళ్లలో. పైగా యూదులకు యోమ్ కిప్పూర్ పండుగ. ఉత్తరాన ఈజిప్టు సెకండ్ ఆర్మీ దగ్గర పని చాలావరకు అనుకున్నట్టే సాగింది. దక్షిణాన థర్డ్ ఆర్మీ దగ్గర మాత్రం మట్టిలో బంక ఎక్కువ. తడిసిన నల్లరేగడిలో ట్రాక్టరు దించిన రైతుకు ఆ తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. గండ్లు బురదయ్యాయి, వంతెనలు గంటల తరబడి ఆలస్యమయ్యాయి.

అంతసేపు అవతలి గట్టున ట్యాంకుల్లేని సిపాయిలు నిలబడాలి కదా! అందుకు ట్యాంకులను కొట్టే మాల్యుట్కా క్షిపణులు, ఆర్‌పీజీలు మోసుకెళ్లారు. పైన విమానాలు రాకుండా పడమటి గట్టు మీది శామ్ క్షిపణులు కాశాయి. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఈజిప్టుతో కలిసి పోరాడుతున్న సిరియా మీద ఒత్తిడి తగ్గించాలని ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ 14న ముందుకు వెళ్లమన్నాడు. సైన్యాధిపతి షాజ్లీ వద్దన్నాడు. మా దృష్టిలో షాజ్లీదే సరైన లెక్క. శామ్ గొడుగు దాటగానే ఒక్కరోజులో సుమారు 250 ట్యాంకులు పోయాయి. 15 రాత్రి ఇజ్రాయెల్ రెండు ఈజిప్టు సైన్యాల మధ్య సందులోంచి, దెవెర్సోయిర్ దగ్గర, కాలువ దాటింది. చివరికి థర్డ్ ఆర్మీ చుట్టుముట్టబడింది.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాల్లో ఏ యుద్ధంలో ఏ భూమి ఎవరికి పోయిందో ప్రతిసారీ తికమక పడుతున్నాను.
– మహబూబ్‌నగర్

జవాబు: ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే. గాజా, వెస్ట్ బ్యాంక్ 1948లోనే ఇజ్రాయెల్ చేతికి పోయాయనుకుంటారు. కాదు. 1949 ఒప్పందాల తర్వాత గాజా ఈజిప్టు కింద, వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ కింద ఉన్నాయి. 1956లో సీనాయ్ పోయింది గానీ 1957 మార్చికల్లా ఇజ్రాయెల్ ఖాళీ చేసింది. 1967 జూన్ 5 నుంచి 10 వరకు జరిగిన యుద్ధంలో ఈజిప్టు నుంచి సీనాయ్, గాజా. జోర్డాన్ నుంచి వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం. సిరియా నుంచి గోలన్ పోయాయి. 1979 ఈజిప్టు-ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం తర్వాత, 1982 ఏప్రిల్‌లో, తాబా అనే చిన్న ముక్క తప్ప సీనాయ్ ఈజిప్టుకు తిరిగొచ్చింది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తీర్మానాల్లో 242 అంటే 1967, 338 అంటే 1973. 1973లో చమురు ఆపింది చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్ కాదు, అరబ్ దేశాల సంఘం ఒఏపెక్. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే పెడతారు.

ప్రశ్న: నిజాం గుర్రపు దళం ఇజ్రాయెల్ తరఫున హైఫాలో పోరాడిందని మా తాత అంటాడు. నిజమేనా?
– నాగర్‌కర్నూల్

జవాబు: హైఫా పోరు 1918 సెప్టెంబరు 23న జరిగింది, ఇజ్రాయెల్ పుట్టింది 1948 మే 14న. శత్రువు తురుష్క ఒట్టోమాన్ సైన్యం. నిజాం గుర్రపు దళమైన హైదరాబాద్ లాన్సర్లు అక్కడ పోరాడిన బ్రిటిష్ సైన్యపు బ్రిగేడ్‌లో ఉన్నమాట నిజం. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. కానీ హైఫా మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. తాతగారికి ఇంకోటి కూడా చెప్పండి: గాజాలో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్న మన సిపాయిలు కొందరు 1967 జూన్‌లో ఇజ్రాయెల్ కాల్పుల్లో చనిపోయారు.