ఫార్మాట్ కొట్టకు, ముందు ఆ కోడ్ రాసుకో

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, దాని కంప్యూటర్‌లో విండోస్ మూడు రోజుల నుంచి అప్‌డేట్ అవుతూనే ఉంది, ఇంకెన్నాళ్ళు పడుతుంది" అని అడిగాడు. వాడికి నవ్వుతూ ఏదో చెప్పాను గానీ, తర్వాత నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాక నవ్వు రాలేదు. ముప్పై అయిదు శాతం దాకా వెళ్తుంది, రీస్టార్ట్ అవుతుంది, ఏదో సరిగ్గా జరగలేదు, మార్పులు వెనక్కి తీస్తున్నాం అంటుంది, మళ్ళీ పాత చోటికే వస్తుంది, నువ్వు మళ్ళీ రీట్రై నొక్కుతావు. ఇలా ఆరుసార్లు చేశానన్నావు. ఏడోసారి చేసినా అంతే. పైగా ఎదురు షాపు కుర్రాడు "అక్కా, ఫార్మాట్ కొట్టేద్దాం, గంటలో అయిపోతుంది" అన్నాడట. ఫార్మాట్ అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్ళీ మొదటి నుంచి వేయడం. వాడికి గంటే. నీకు వారం. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయకుండా (అంటే ఈ మెషీన్ నుంచి విడిపించకుండా) ఫార్మాట్ కొడితే దాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి ఒక పూట, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు (ఆ పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు) వెతుక్కోవడానికి ఇంకో పూట, ప్రింటర్, స్కానర్, క్లయింట్ల ఫోల్డర్లు, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు... వద్దు. నేను చెప్పే దాకా వాడిని మెషీన్ ముట్టుకోనివ్వకు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నేనూ ఒకప్పుడు ఆ కుర్రాడినే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక రైస్‌మిల్లు ఆయన మెషీన్‌లో సర్వీస్ ప్యాక్ (అప్పటి పెద్ద అప్‌డేట్) ఎక్కడం లేదని సాయంత్రం వెళ్ళి, రెండుసార్లు ప్రయత్నించి, విసుగొచ్చి ఫార్మాట్ కొట్టాను. డేటా అంతా డి డ్రైవ్‌లోనే ఉందని ఆయన గుమస్తా అన్నాడు, నేను నమ్మాను, తెరిచి చూడలేదు. లెక్కల ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ అంటే సి డ్రైవ్, నేను తుడిచేసింది అదే. మర్నాడు ఆయన నన్నేమీ తిట్టలేదు, టీ తెప్పించాడు, ఆ టీ నాకు గొంతు దిగలేదు. ఇంతకీ ఆ మెషీన్ జబ్బేమిటంటే సి డ్రైవ్‌కి 10 జీబీ ఇచ్చి పెట్టారు, అందులో ఖాళీ 300 ఎంబీ. అంతే. నాలుగు పాత ఫైళ్ళు తీసేస్తే ఎక్కేసేది.

అందుకని మొదటి పని: మరమ్మతు కాదు, రాసుకోవడం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ. ఫెయిల్ అయిన వరుసలో కేబీ అని మొదలయ్యే ఒక నంబరు, దాని పక్కనో కిందో సున్నా ఎక్స్‌తో మొదలయ్యే ఎర్రర్ కోడ్ ఉంటాయి. రెండూ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. ఇది ముందే ఎందుకంటే, యూట్యూబ్‌లో అందరూ చెప్పే చిట్కా ఒకటుంది, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చేయడం. మంచి చిట్కానే, నేనూ కింద చెప్తాను. కానీ అది చేసిన మరుక్షణం ఈ హిస్టరీ లిస్టు ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసి "పెదనాన్నా, కోడ్ కనిపించట్లేదు" అంటే నేను గాల్లో బాణాలు వేయాలి.

కోడ్ చూసి భయపడకు, దాన్ని చదవొచ్చు. 8007తో మొదలైతే అది మామూలు విండోస్ ఎర్రరే, చివరి నాలుగు స్థానాలే అసలు సంగతి చెప్తాయి, కాకపోతే పదహార్ల లెక్కలో (హెక్సాడెసిమల్). ఉదాహరణకి 80070070లో చివరి 70 అంటే ఏడు పదహార్లు, మన లెక్కలో 112, డిస్క్ నిండిపోయిందని అర్థం. 80070020 అయితే ఏదో ఫైల్‌ని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని వదలడం లేదు, చాలాసార్లు అది యాంటీవైరస్. 80073712, 800ఎఫ్081ఎఫ్ లాంటివి వస్తే విండోస్ తన సొంత ఫైళ్ళు దాచుకునే గోడౌన్‌లోనే ఏదో పాడైంది లేదా దొరకడం లేదు. సి1900101 అని వస్తే డ్రైవర్ మీద అనుమానం పెట్టుకో, ఇది ఎక్కువగా ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ అప్‌డేట్‌లో కనిపిస్తుంది.

కోడ్ ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగుతోందన్నది కూడా అంతే ముఖ్యం. డౌన్‌లోడ్ దగ్గరే ఆగితే నెట్, లేదా డౌన్‌లోడ్ చేసే సర్వీసులు. సెట్టింగ్స్ కిటికీలోనే ఇన్‌స్టాల్ శాతం నడుస్తూ ఆగితే ఖాళీ చోటు, లేదా సిస్టమ్ ఫైళ్ళు. రీస్టార్ట్ అయ్యాక ఆ గుండ్రంగా తిరిగే చుక్కల స్క్రీన్‌లో ఆగి వెనక్కి వచ్చేస్తే డ్రైవర్, యాంటీవైరస్, ఒక్కోసారి కంటికి కనిపించని చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం). ఇది రాతి మీద గీత కాదు, నా అనుభవంలో పదింట ఏడెనిమిదికి సరిపోయే లెక్క. నువ్వు చెప్పిన దాన్ని బట్టి నీది మూడో రకం.

ఇంకో సంగతి, తప్పు ప్రతిసారీ మన మెషీన్‌ది కాదు. 2024 జనవరిలో విండోస్ 10కి కేబీ5034441 అని ఒకటి వచ్చింది. ఆ వారం నా ఫోన్ మోగుతూనే ఉంది, అందరిదీ ఒకటే కోడ్, 80070643. ఆ 643ని మన లెక్కలోకి మారిస్తే 1603, అంటే "ఇన్‌స్టాల్ కాలేదు" అని మాత్రమే, ఎందుకో చెప్పదు. పాపం జనం అన్ని చిట్కాలూ చేశారు, ఫోల్డర్లు మార్చారు, ఫార్మాట్లు కొట్టారు. కారణం ఏమిటంటే ఆ అప్‌డేట్ విండోస్‌ని బాగుచేసే ఫైళ్ళుండే రికవరీ పార్టిషన్‌లోకి వెళ్ళాలి, దానికి అక్కడ 250 ఎంబీ ఖాళీ కావాలి, చాలా మెషీన్లలో ఆ పార్టిషన్ మొత్తమే అయిదారు వందల ఎంబీ. పార్టిషన్ పెంచుకునే పద్ధతి మైక్రోసాఫ్టే ఇచ్చింది గానీ అది డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌తో చేసే పని, ఒక్క అంకె తప్పు కొడితే డ్రైవ్ పోతుంది. నేను రెండు మూడు మెషీన్లకి బ్యాకప్ తీసుకుని చేశాను, మిగతా వాళ్ళకి "ఎర్రర్ వస్తే రానీ, వదిలేయ్" అన్నాను. అందుకే కోడ్ రాసుకున్నాక కేబీ నంబరు కొట్టి వెతుకు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ రిలీజ్ హెల్త్ పేజీలో తెలిసిన సమస్యల లిస్టు ఉంటుంది, అందులో నీ నంబరు ఉంటే నువ్వు చేయాల్సిందల్లా కొన్నాళ్ళు ఓపిక పట్టడమే.

అక్కడ లేకపోతే ఇక మన పని. దేనికైనా ముందు క్లయింట్ల ఫోల్డర్, ట్యాలీ డేటా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. కాపీ అయిందనుకోకు, పెన్‌డ్రైవ్ తెరిచి ఒకటి రెండు ఫైళ్ళు ఓపెన్ చేసి చూడు. అలాగే ల్యాప్‌టాప్ కాబట్టి డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు, నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి బిట్‌లాకర్ రికవరీ కీ (ఆ తాళం తీసే నంబరు) ఉందో లేదో చూసి కాగితం మీద రాసి పెట్టు. 48 అంకెలుంటుంది, విసుక్కోకు.

తర్వాత రీస్టార్ట్. నవ్వకు. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, లోపలి భాగాన్ని నిద్రపుచ్చి దాచుకుంటుంది. రీస్టార్ట్ చేస్తేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. అలాగే కింద మూలన తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా చూడు, ఇది నీ ల్యాప్‌టాప్‌కి కాదు, మీ ఆఫీసులో ఆ పాత డెస్క్‌టాప్‌కి చెప్తున్నా: రోజూ పొద్దున్నే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయినట్టు, తేదీ తప్పుంటే అప్‌డేట్ సర్వర్‌తో మాటే కలవదు.

ఇప్పుడు ఖాళీ చోటు. సి డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఉండేలా చూసుకో. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ లిస్టులో డౌన్‌లోడ్స్ అని కూడా ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకు, నీ చలానాలన్నీ అందులోనే పడి ఉంటాయని నాకు తెలుసు.

తర్వాత మెషీన్‌కి తగిలించిన అనవసరమైనవన్నీ పీకెయ్. ప్రింటర్, పెన్‌డ్రైవ్, ముఖ్యంగా ఆ సిగ్నేచర్ టోకెన్. విండోస్‌తో వచ్చే డిఫెండర్ కాకుండా వేరే యాంటీవైరస్ ఉంటే దాన్ని ఆపడం కాదు, అన్‌ఇన్‌స్టాల్ చెయ్, అయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు. నీలాంటి కేసుల్లో, అంటే రీస్టార్ట్ తర్వాత వెనక్కి వచ్చేసే వాటిలో, సగం ఇక్కడే తీరిపోతాయి. ఛార్జర్ పెట్టే ఉంచు, ఎండాకాలం కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇంకా కాలేదా, అప్పుడు నల్ల కిటికీ. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్. కమాండ్లు నీకు ఫోన్‌లో చెప్పినట్టే తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో. మొదటిది: డిఐఎస్ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్. రీస్టోర్, హెల్త్ కలిపి ఒకే మాట. స్లాష్ అంటే ప్రశ్న గుర్తు ఉన్న కీ, ఎంటర్ దగ్గరున్న వెనక్కి వాలే గీత కాదు. నెట్ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే పాడైన ఫైళ్ళకి బదులు అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. 60 దాటాక చాలాసేపు కదలదు, చచ్చిపోయిందనుకుని కిటికీ మూసేయకు, వెళ్ళి అన్నం తిని రా. అది పూర్తయ్యాకే రెండోది: ఎస్ఎఫ్‌సి, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. చాలామంది ఈ రెండోదే ముందు కొడతారు. అది బాగుచేసేది గోడౌన్‌లో ఉన్న సరుకుతో, గోడౌనే పాడైతే ఏం తెచ్చి పెడుతుంది? అందుకే గోడౌన్ ముందు. రెండూ అయ్యాక రీస్టార్ట్ చేసి అప్‌డేట్ మళ్ళీ ప్రయత్నించు.

డౌన్‌లోడ్ దగ్గర తిక్కతిక్కగా ఉంటే ఆ ఫోల్డర్ చిట్కా. అదే నల్ల కిటికీలో నెట్ స్టాప్ డబ్ల్యూయూఏయూసర్వ్ (సర్వ్ అంటే ఎస్ ఈ ఆర్ వి), తర్వాత నెట్ స్టాప్ బిట్స్. ఆపాక సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, దాని పేరు చివర ఓల్డ్ అని తగిలించు. డిలీట్ చేయకు. స్టాప్ బదులు స్టార్ట్ అని కొట్టి రెండూ మళ్ళీ మొదలుపెట్టు, విండోస్ కొత్త ఫోల్డర్ తనే చేసుకుంటుంది. అంతా బాగున్నాక నెలకి ఆ పాతది తీసేయొచ్చు.

ఒకసారికి ఒక పనే చెయ్యమ్మా. అన్నీ ఒకేసారి చేస్తే దేనితో తగ్గిందో తెలియదు, వచ్చే నెల మళ్ళీ ఇదే వస్తే మళ్ళీ మొదటి నుంచి.

ఇవన్నీ అయ్యాక కూడా మొండికేస్తే, ఫార్మాట్ కంటే ఒక మెట్టు కింద ఇంకోటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేయడం అని ఒకటి కనిపిస్తుంది, రీఇన్‌స్టాల్ నౌ అని బటన్. నీ ఫైళ్ళు, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ అలాగే ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా పరుస్తుంది. నా ఉద్దేశంలో ఈ మధ్య విండోస్ 11లో పెట్టిన మంచి పనుల్లో ఇదొకటి. అది కూడా ఎక్కకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఉండే ఒకే ఫైల్) దింపుకుని, డబుల్ క్లిక్ చేసి, లోపలి సెటప్ నడపడం. ఇక్కడ ఒక గుంట ఉంది: డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఇంగ్లీష్, ఇంగ్లీష్ ఇంటర్నేషనల్ అని రెండు కనిపిస్తాయి, ఇంటర్నేషనల్ అంటే బ్రిటన్ ఇంగ్లీష్. నీ మెషీన్‌లో ఉన్న దానికి సరిపోయేది తీసుకోకపోతే ప్రోగ్రాములు ఉంచే ఆప్షన్ బూడిద రంగులోకి పోయి నొక్కడానికి రాదు. అలా కనిపిస్తే అక్కడే ఆగిపో, క్యాన్సిల్ కొట్టి నాకు ఫోన్ చెయ్.

డిస్కే పోతుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. ఫైల్ కాపీ చేస్తుంటే మధ్యలో బిగుసుకుపోవడం, తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడం ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడు, గుడ్ అని కాకుండా కాషన్ అని పసుపులో వస్తే అప్‌డేట్ సంగతి వదిలేసి కొత్త ఎస్‌ఎస్‌డి కొనుక్కో.

చివరగా నీ పనికి సంబంధించింది. విండోస్ నెలవారీ అప్‌డేట్ అమెరికాలో రెండో మంగళవారం పొద్దున వదులుతారు, మనకి అది రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది, అంటే నువ్వు చూసేది బుధవారం. రెండో మంగళవారం 8 నుంచి 14 లోపు ఎప్పుడైనా పడొచ్చు. నీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) గడువు 11. చూశావా, నీకు ప్రతి నెలా టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోందో. అదే అప్‌డేట్ పేజీలో పాజ్ అని ఉంటుంది, ఏడో తారీఖునే ఒక వారానికి నొక్కు, జీఎస్టీఆర్-3బి (పన్ను కట్టే రిటర్న్) గడువు 20 కాబట్టి మధ్యలో తీరిక దొరికిన సాయంత్రం దాన్ని వదిలి నిదానంగా ఎక్కించుకో. నెలల తరబడి పాజ్‌లోనే ఉంచేస్తానంటే ఒప్పుకోను, క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు పెట్టుకున్న మెషీన్ అది. ఆఫీసులో ఆ పాత డెస్క్‌టాప్ విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది, మీ సార్‌కి ఒకసారి గుర్తు చెయ్.

ఈ రాత్రికి మాత్రం కోడ్ ఫోటో పంపు చాలు. పదింటి దాకా మేలుకునే ఉంటాను. పోయినసారి పంపిన ఫోటోలో సగం స్క్రీన్, సగం నీ బొటనవేలు ఉంది, ఈసారి కొంచెం చూసుకుని తియ్.

మీ పెదనాన్న