ముక్కూ మొహం తెలియని వాళ్లతో స్క్వాడ్ ఆడేటప్పుడు మాట కలిసేదెలా?

బీజీఎంఐలో (పబ్‌జీ మొబైల్ అనే ఫోన్ తుపాకుల ఆటకు మన దేశపు రూపం) రాండమ్ స్క్వాడ్‌లో, అంటే ఆటే ఏరి కలిపే నలుగురు అపరిచితుల జట్టులో, చేరిన ప్రతిసారీ నలుగురూ నాలుగు దిక్కులకు పోతున్నారనీ, మైక్ తెరిస్తే తిట్లు తప్ప మరేమీ వినిపించడం లేదనీ, మీ హిందీ కూడా అంతంతమాత్రం కావడంతో మైక్ ఆపేసి ఆడుకోవడమే మేలేమో అనీ అడిగారు. మైక్ ఆపవలసిన అవసరం లేదు. అందులో ఏం మాట్లాడాలన్నది మాత్రం మార్చుకోవాలి. అవతలివాడు ఏం చేయాలో చెప్పడం మానేసి, మీకు ఏం కనిపిస్తోందో, మీరు ఏం చేయబోతున్నారో చెప్పడం మొదలుపెట్టండి. ఇంత చిన్న విషయం నా బుర్రకెక్కడానికి చాలా నెలలు పట్టింది కనుక, ఎలా ఎక్కిందో కాస్త వివరంగానే రాస్తాను.

నేను విజయవాడలో ఒక ఆటో విడిభాగాల దుకాణంలో లెక్కలు రాస్తాను. 2020 లాక్‌డౌన్‌లో దుకాణం మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు మా మేనల్లుడు నా ఫోన్‌లో పబ్‌జీ మొబైల్ ఎక్కించాడు. అప్పటికి నాకు 38 ఏళ్లు. స్క్వాడ్‌లో తగిలే పిల్లలు నా గొంతు వినగానే ‘అంకుల్’ అనేవారు. వయసులో పెద్దవాణ్ని కనుక నడిపించే బాధ్యత కూడా నాదేనని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

ఎరాంగెల్ మ్యాప్ ఆడినవాళ్లకు దక్షిణాన ఉన్న మిలిటరీ బేస్ దీవి తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి అవతలి నేలకు రావాలంటే రెండు వంతెనలున్నాయి, లేదా ఒడ్డున పడవ దొరకాలి. ఒకరోజు మేము నలుగురం ఆ దీవిలో దిగి, తృప్తిగా లూట్ చేసుకుని (తుపాకులు, సామాన్లు ఏరుకుని) చూసుకునేసరికి జోన్, అంటే అందరూ చేరవలసిన, రానురాను చిన్నదయ్యే సురక్షిత వలయం, ఉత్తరాన పడింది. నాకు జీపు దొరికింది. ‘ఎక్కండి, ఎక్కండి, వంతెన మీదుగా పోదాం’ అని అరవడం మొదలుపెట్టాను. నాందేడ్ నుంచి ఆడుతున్న కుర్రవాడొకడు హిందీలో ఏదో చెప్పబోయాడు. వినిపించుకోలేదు. అతను నాలుగుసార్లు చెప్పాడు, నేను ఐదుసార్లు అరిచాను. చివరికి అతను విసుగుతో జీపెక్కాడు, మరొకడు ఎక్కకుండా ఒడ్డు వైపు పరుగెత్తాడు. వంతెన మధ్యకు చేరగానే అడ్డంగా పెట్టిన రెండు కార్లు, వాటి వెనుక నుంచి తూటాలు. జీపులో ఉన్న ముగ్గురం అక్కడే పోయాం. తరువాత మా మేనల్లుడు రికార్డింగ్ చూసి ఆ కుర్రవాడు ఏమన్నాడో నాకు చెప్పాడు: ‘వంతెన మీద కాల్పుల చప్పుడు విన్నాను, పశ్చిమ ఒడ్డున పడవ ఉంది’. అంటే అతను నాకు రెండు నిజాలు చెప్పాడు. నేను అతనికి ఒక్క నిజమూ చెప్పలేదు, ఉత్త ఆజ్ఞలు వేశాను.

ఆజ్ఞ అనేది ఎదుటివాడు మనల్ని నమ్మితేనే పనిచేస్తుంది. రెండు నిమిషాల క్రితం, ఆట మొదట్లో అందరూ దూకే విమానంలో కలిసినవాడు మనల్ని ఎందుకు నమ్మాలి? అదే ‘వంతెన మీద చప్పుడు’ అంటే నమ్మకంతో పనిలేదు, విని ఎవరికి వారు ఆలోచించుకోగలరు. మా ఊరి హైస్కూల్ మైదానంలో వాలీబాల్ ఆడేటప్పుడు బంతి ఇద్దరి మధ్య పడబోతుంటే తీసేవాడు ‘నాది’ అని అరిచేవాడు. ‘నువ్వు తియ్’ అని అరిచే అలవాటు ఎవరికీ ఉండేది కాదు, అలా అరిస్తే బంతి ఖాయంగా నేలమీదే పడేది. ముప్పై ఏళ్ల క్రితం చేతికి అబ్బిన ఈ మర్యాద ఫోన్ పట్టుకోగానే ఎలా మరిచిపోయానో నాకే తెలియదు.

ఇక చెప్పే మాట ఎలా ఉండాలన్నది. ‘ఎడమ వైపు ఉన్నాడు’ అనేది ఈ ఆటలో అన్నిటికన్నా పనికిరాని వాక్యం, ఎందుకంటే నలుగురూ నాలుగు వైపులకు చూస్తుంటారు, ఎవరి ఎడమ వారిదే. తెర పైభాగంలో కనిపించే దిక్సూచి అంకెలు మాత్రం అందరికీ ఒక్కటే. ‘295’ అంటే పక్కనే ఉన్నవాడు తెరను 295 దాకా తిప్పి చూస్తాడు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. మీకు రెండు వందల మీటర్ల దూరంలో నిలబడినవాడికి అదే శత్రువు మరో అంకె దగ్గర కనిపిస్తాడు. అందువల్ల అంకెతో పాటు ఒక ఆనవాలు చేర్చాలి: ‘295, రెండంతస్తుల ఇల్లు, మేడ మీద, ఒక్కడే’. ఈ వరుస మీ నోటికి అలవాటు కావాలి. దిక్కు, చోటు, ఎందరు అన్నంత వరకే చెప్పి ఆగాలి. ‘అరే అక్కడ, అక్కడ, కొడుతున్నాడు, చూడండి’ అని నేను పూర్వం అరిచిన వాక్యాల్లో శ్రోతకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

శత్రువు సంగతే కాదు, మన సంగతి కూడా చెప్పాలి. ఫస్ట్ ఎయిడ్ ఒక్కటీ లేకపోయినా అడగడానికి మొహమాటపడి, సగం ప్రాణంతోనే గుంపులో నడిచి, మొదటి తూటాకే నేను పడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తూటా తగిలి పడినా ఇంకా చావనివాణ్ని లేపడానికి పది సెకన్లు పడుతుంది, ఆ పది సెకన్లూ లేపేవాడు కదలకుండా ఉండాలి. కనుక మన మొహమాటానికి మరొకడి ప్రాణం కూడా పోతుంది. లూట్ అయిపోగానే ‘నా దగ్గర 7.62 తూటాలు ఎక్కువున్నాయి, ఫస్ట్ ఎయిడ్ లేదు’ అని ఒక్కసారి చెబితే చాలు. ఎమ్416 తుపాకీ పట్టుకున్నవాడికి 7.62తో పనిలేదు, ఏకేఎమ్ పట్టుకున్నవాడు వెతుక్కుంటూ ఉంటాడు, తమ దగ్గరున్నది తీసి కింద పడేయడానికి అపరిచితులు కూడా వెనుకాడరు. ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కసారి జరిగిన స్క్వాడ్‌లో ఆ తరువాత ఎవరూ విడిపోయి తిరగకపోవడం నేను పదేపదే గమనించాను.

నాందేడ్ కుర్రవాడు వంతెన సంఘటన తరువాత కూడా నన్ను ఫ్రెండ్‌గా చేర్చుకున్నాడు. ఎందుకో నేను అడగలేదు. 2020 సెప్టెంబర్ 2న ఆటను మన దేశంలో నిషేధించారు, ఒకరి ఫోన్ నంబరు ఒకరికి తెలియదు కనుక ఆ పరిచయం అక్కడితో తెగిపోయింది. 2021 జులై 2న బీజీఎంఐ వచ్చాక, ఆ వర్షాకాలంలోనే ఒక రాత్రి రాండమ్ స్క్వాడ్‌లో ‘అంకుల్, ఇవాళ జీపా, పడవా?’ అనే గొంతు వినిపించింది. ఆ తరువాత వారానికి రెండు మూడు రాత్రులు కలిసి ఆడేవాళ్లం. మౌనం విలువ నాకు నేర్పింది కూడా అతనే. ఒకసారి చివరి వలయంలో మా జట్టు నుంచి నేనొక్కణ్నే మిగిలాను. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు నా తెరను చూస్తూ ‘కుడికి పో, గ్రెనేడ్ వెయ్, పడుకో’ అని ఒకేసారి చెబుతున్నారు, పైగా ఎవరింట్లోనో కుక్కర్ ఈలలు వేస్తోంది. అతను ఒక్కటే మాట అన్నాడు, ‘అందరూ మైక్ ఆపండి, అంకుల్‌కు అడుగుల చప్పుడు వినపడాలి’. నిశ్శబ్దం కాగానే గోడ అవతల గడ్డిలో నడక స్పష్టంగా వినిపించింది. ఆ ఆట గెలిచామా అంటే లేదు, నా గురి అంత గొప్పది కాదు. కానీ చచ్చినవాడు నోరు మూసుకోవడం కూడా జట్టు పనిలో భాగమేనని ఆ రాత్రి తెలిసింది. ఇప్పుడు నేను చనిపోతే నన్ను చంపినవాడు ఎక్కడున్నాడో, వాడికి ఎంత దెబ్బ తగిలిందో రెండు ముక్కల్లో చెప్పి మైక్ ఆపేస్తాను.

మైక్ తెరవని వాళ్లను చులకన చేయకండి. మా స్క్వాడ్‌లో కొన్ని వారాల పాటు ఒక ఆటగాడు ఒక్క మాటా మాట్లాడకుండా, మ్యాప్ మీద గుర్తులు పెడుతూ, సరిగ్గా సమయానికి పొగ బాంబు వేస్తూ అద్భుతంగా ఆడేవాడు. ఆమె డిగ్రీ చదువుతున్న అమ్మాయి అని ఆనక ఆమే టైప్ చేసి చెప్పింది. గొంతు వినగానే కొందరు మొదలుపెట్టే వెకిలి మాటలు భరించలేక మైక్ ఆపేసిందట. అందుకు తలవంచుకోవలసింది మైక్ తెరిచి కూర్చున్న మాలాంటి వాళ్లం. గుర్తులతోనే మాట్లాడుకునే పద్ధతి ఎంత దూరం పోగలదో చూపిన ఆట 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్. అందులో ఒక్క మీటతో శత్రువునో, ఆయుధాన్నో, వెళ్లదలచిన చోటునో చూపించవచ్చు, మైక్ లేకుండానే ఆట మొత్తం సాగిపోతుంది. కనుక మీకు మాట్లాడాలని లేని రోజున గుర్తులైనా పెట్టండి, మౌనంగా ఒంటరిగా మాత్రం తిరగకండి.

తిట్లు ఎలాగూ వస్తాయి. వాటికి జవాబివ్వడం మొదలుపెడితే ఆట పోతుంది, జవాబు ఎంత చక్కగా కుదిరినా సరే. ఆ ఒక్కడి గొంతు మ్యూట్ చేసి మిగతా ఇద్దరితో కొనసాగండి, ఆట ముగిశాక రిపోర్ట్ చేయండి. ఎవరైనా పొరపాటు చేసి పడిపోయినప్పుడు మాత్రం ‘ఎందుకెళ్లావు?’ అని అడగకండి. అది ప్రశ్నలా ఉన్నా వినేవాడికి తిట్టే. ‘వస్తున్నా, పొగ వేస్తున్నా’ అనండి.

హిందీ గురించి అంత బెంగ అక్కర్లేదు. నా హిందీ విని నాందేడ్ కుర్రవాడు ఇప్పటికీ నవ్వుతాడు. అంకెలు ఇంగ్లీషులో వస్తాయి, తుపాకుల పేర్లు, ఊళ్ల పేర్లు అందరికీ ఒక్కటే, ‘రుకో’, ‘ఆగే’, ‘పీఛే’, ‘గాడీ’ అనే నాలుగు మాటలు తోడైతే ఆట నడిచిపోతుంది. విమానంలో ఉండగానే పలకరించి, మీరు దిగదలచిన చోట గుర్తు పెట్టి, ‘నేను ఇక్కడ దిగుతున్నా’ అని మాత్రం చెప్పండి. మీ వెంటే దూకేలా చేసే ‘ఫాలో’ మీట నొక్కమని ఎవరినీ అడగవద్దు. నా అనుభవంలో చాలాసార్లు కనీసం ఒకరైనా తమంతట తామే నొక్కుతారు. ఎవరూ నొక్కకపోతే, ఇద్దరు కలిసి దిగుతున్న చోటికి మీరే వెళ్లండి.